గడువు తీరిన సముద్రం

పిలుస్తారు. ఇప్పుడో, ఇంకాసేపటికో పిలుస్తారు. శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల ఫోరం వరండాలో గోడవారన వేసిన బెంచీకి ఈ చివర హేమ, ఆ చివర ఆమె భర్త నాగబాబు. మధ్యలో ఒక కాగితం. గాలికి ఎగిరిపోకుండా నాగబాబు దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. కంపెనీ తరఫు వకీలు ధనరాజ్ గారు ఇందాకే ఆ కాగితం అక్కడ పెట్టి, జేబులోంచి పెన్ను తీసి దాని పక్కన ఉంచి, ఎంతో మర్యాదగా చెప్పి వెళ్లాడు. "తీర్పు రాసేసి ఉంచారమ్మా. లోపల బల్ల మీదే ఉంది. అందులో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పిలిచేలోగా సంతకం పెట్టేస్తే ఖాళీ చేతులతో ఇంటికెళ్లే బాధ ఉండదు." అని వరండా చివరికి పోయి ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వీపు ఇటు తిప్పాడు గాని చెవి ఇటే ఉంది, హేమకు తెలుస్తోంది. చేపల బేరం దగ్గర కూడా అంతే, కొనేవాడు గంప వదిలేసి నాలుగడుగులు పోతాడు, వెనక్కి చూడడు, పిలుస్తామని వాడికి తెలుసు.

ఇంగ్లీషు కాగితం. హేమ ఇంటర్ చదివింది, అక్షరాలు కూడబలుక్కోగలదు గాని ఇలాంటి ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ తిరుగుతుందో పట్టుకోలేదు. తన వకీలు పద్మకుమారి గారు వేలు పెట్టి తెలుగులో చెప్పారు. కంపెనీ జాలిపడి సాయం చేస్తోంది, సాయం నేను తీసుకుంటున్నాను, జరిగిన ప్రమాదానికీ కంపెనీ అమ్మిన సముద్ర పటానికీ సంబంధం లేదని ఒప్పుకుంటున్నాను. "ఇదీ సంగతి. పెట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను హేమా. ఇలాంటి కేసు మన జిల్లాలో నేనెప్పుడూ చూడలేదు. ఫోన్లో కొనుక్కున్న పటం గురించి చట్టంలో పేరు పెట్టి ఎక్కడా రాసిలేదు. కొత్త చట్టం వస్తుందంటున్నారు, అది వచ్చినప్పటి మాట. ఉన్నదాంతోనే వాదించాను. ఓడిపోవచ్చు కూడా." అనేసి ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. సంబంధం లేదు. పటానికి సంబంధం లేకపోతే మరి దేనికి ఉన్నట్టు? మంచుకా? రాయికా? వాటిని ఎవరూ నిలబెట్టి అడగరు. మిగిలేది నాగబాబు ఒక్కడే. పల్లెంతా అంటున్న మాటే ఇంగ్లీషులో రాసి కింద హేమ సంతకం అడుగుతున్నారు. తమ్ముణ్ని నా మొగుడే రాయి మీదికి తోలేశాడు అని.

తమ్ముడు. రాముడు. గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చునేవాడు, వాణ్ని దాటుకుని లోపలికి పోవాలి ఎవరైనా. ఆ పటాన్ని ముందు చూసింది వాడే. ఎండ తగ్గే వేళ, నెత్తళ్ల చేపలు ఆరబోసి వచ్చి హేమ చేతులు కడుక్కుంటుంటే ఫోను ఆమె ముక్కు దాకా తెచ్చాడు. "అప్పా, ఇది సూడు. మన మొగ, మన రాళ్లు." నీలం రంగు మీద నల్లటి గుర్తులు. ఏరు సముద్రంలో కలిసే చోటు, దానికి దక్షిణంగా నీళ్ల కింద దాగిన రాళ్లు, నడుమ పడవ దూరి రావలసిన సందు, అంతా గీసినట్టు కనిపిస్తోంది. సాగరదారి అని దాని పేరు. కింద తెలుగులోనే రాసి ఉంది, ఒక్కసారి కొనండి, ఎప్పటికీ మీదే, సిగ్నల్ లేని నడిసంద్రంలోనూ దారి చూపుతుంది. ఎప్పటికీ మీదే. ఆ రెండు మాటల్నీ పద్మకుమారి గారు ఎన్నిసార్లు చదివి వినిపించారో లోపల. పల్లెలో మగాళ్లకి అంతకుముందు పటం అవసరం లేదు. ఒడ్డున రెండు పొడుగాటి తాటిచెట్లుండేవి, నీటి మీంచి చూస్తే అవి రెండూ ఒకటిగా కలిసిపోయే చోట ముక్కు తిప్పితే పడవ సందులోకి వచ్చేసేది. తాత అలాగే వచ్చాడు, నాన్న అలాగే వచ్చాడు. తుపాను ఆ రెంటినీ పీకేసింది. కంపాసు దిక్కు చెబుతుంది గాని రాయి ఎక్కడుందో చెప్పదు. "కొనీ అప్పా, నీ కార్డుతో కొనీ, బావ ఫోన్లో ఏద్దాం." రాముడు బతిమాలాడు. కొన్నది హేమ. వాడుకున్నది నాగబాబు. మొదటిసారి దాన్ని చూసుకుంటూ చీకట్లో సందు దాటి వచ్చిన రోజున వాళ్లిద్దరూ ఒడ్డున ఎంత గోల చేశారో, పడవలో ఒక్క సందువ చేప కూడా లేకపోయినా పెళ్లి ఊరేగింపులా వచ్చారు.

లోపల గంట మోగింది. బంట్రోతు బయటికొచ్చి ఇంకెవరి పేరో పిలిచాడు, ఫ్రిజ్జు కేసు వాళ్లో ఎవరో, ఒక ముసలాయన సంచీ సర్దుకుంటూ లేచాడు. నాగబాబు అరచెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి వేళ్ల సందుల్లో తెల్లటి పగుళ్లు. వల లాగిన చెయ్యి కాదిప్పుడది. నౌపడ ఉప్పుమడుల్లో కూలికి పోతున్నాడు, అతనితో పడవెక్కడానికి పల్లెలో ఎవడూ రాడు గనక, ఎవడి పడవలోకీ అతన్ని పిలవరు గనక. పొద్దస్తమానం ఉప్పు గీకి మాట్లాడకుండా వచ్చి మాట్లాడకుండా తింటాడు. ఆ మాట్లాడకపోవడం ఇంట్లో ఇంకో మనిషిలా తయారైంది, దానిక్కూడా కంచం పెట్టాలేమో అనిపిస్తుంది ఒక్కోసారి. ఆ పొద్దు పడవలో ఏం జరిగిందో పోలీసులకి చెప్పినంతే చెప్పాడు. మంచు పట్టింది, పటం మూసుకుపోయింది, రాయి తగిలింది. అంతకు మించి ఒక్క ముక్క లేదు, హేమకు కూడా.

మంచు. ఆ పొద్దు హేమ ఒడ్డునే ఉంది, గంప పక్కన పెట్టుకుని మిగతా ఆడవాళ్లతో. చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు. సముద్రం చప్పుడే గాని సముద్రం లేదు. ఆ తెలుపు లోపలినించి ఇంజను చప్పుడు వినిపించింది, మన పడవదే, దాని దగ్గు హేమకు తెలుసు, రోజూ వినేదే. దగ్గరికొచ్చింది. మళ్లీ దూరమైంది. ఎడమకి పోయింది, అదేటి ఆ పక్కకి పోతన్నారు అంది ఎవరో. హేమ లేచి నిలబడింది. మళ్లీ దగ్గరైంది, నెమ్మదైంది, ఆగి ఆగి వెతుక్కుంటున్నట్టు. అరిచారు అందరూ, ఓ రాముడూ, ఇటూ ఇటూ అని, పళ్లేలు కొట్టారు, మంచులో చప్పుడు ఏ పక్కనించి వస్తుందో ఎవరికి తెలుస్తుంది. తరవాత పెద్ద అల విరిగింది. తరవాత ఇంజను లేదు. అంతే. ఆగిపోయిన చప్పుడు హేమ చెవిలో ఇంకా ఆగిపోతూనే ఉంది, ఈ వరండాలో కరెంటు పోయి పంకా ఆగినా అదే, ఇంట్లో గ్రైండరు కట్టేసినా అదే. నాగబాబు ఈదుకుని వచ్చాడు, మెళ్లో ప్లాస్టిక్ సంచీలో ఫోను వేలాడుతోంది. మళ్లీ నీళ్లలోకి పరిగెత్తాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ వెళ్తుంటే నలుగురు పట్టుకుని ఇసకలో పడేశారు. రాముడు మర్నాడు దొరికాడు. అమ్మ, మరిడమ్మ, ఇసకలో కూర్చుని ఏడవలేదు, లేచి నిలబడి వేలెత్తి చూపించింది అల్లుణ్ని. "ఫోను సూసుకుని పడవ నడిపేవోడు సంద్రపోడేనా? నా కొడుకుని ఈడు రాయికేసి కొట్టినాడు." ఆ రోజునించి అమ్మ గుమ్మంలోకి నాగబాబు లేడు. ఏడాది తద్దినానికి హేమ ఒక్కతే వెళ్లింది. అమ్మ వడ్డించింది, కూతురి మొహం చూడకుండా వడ్డించింది.

ఆ ఫోను గురించే మొదట అడిగారు పద్మకుమారి గారు. సర్కారు ఇచ్చే ప్రమాద సాయం కాగితాల కోసం హేమ టెక్కలి వెళ్లినప్పుడు, పక్కన ఎవరికోసమో వచ్చి కూర్చున్న ఆవిడ విని, "మూసుకుపోవడమంటే ఏమిటమ్మా? పగిలిందా, తడిసిందా?" అన్నారు. తడవలేదండి, గడువు తీరిపోనాదని వచ్చిందంట. "కొన్నప్పుడు ఎప్పటికీ అన్నారు కదా?" అన్నారండి. ఆవిడ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఫోను దాచు. ఎవరికీ ఇవ్వకు. దాన్ని బాగు చేయించకు." అలా మొదలైంది. అప్పటినించీ వాయిదాలు, కోటబొమ్మాళి స్టేషన్లో పాసింజరు కోసం ఎదురుచూడటం, ఆమదాలవలసలో దిగి బస్సు, ఈ బెంచీ. ధనరాజ్ గారి మాటలు ఒక్కో వాయిదాకి ఒక్కో అలలా మీద పడ్డాయి. ఈమె కొన్నది వస్తువు కాదండి, పటం చూసుకునే అనుమతి మాత్రమే, అనుమతికి గడువు పెట్టుకునే హక్కు మా కంపెనీది. కొన్నది ఈమె, వాడింది ఆయన, ఆయన మాకెవరు? చేపలు పట్టి అమ్ముకోవడం వ్యాపారం, వ్యాపారికి వినియోగదారుల చట్టం వర్తించదు. గొడవలేమైనా ఉంటే మా కంపెనీ ఉన్న ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది, ఈమె ఒప్పుకుంది. ఒప్పుకుంది. ఆ మాట దగ్గర ఆయన హేమకేసి తిరిగాడు ఆ రోజు, బోనులాంటి చోట నిలబెట్టి.

"కొన్నాళ్ల తరవాత మార్పులు వచ్చాయని ఫోన్లో అడిగాం. ఇకమీదట ఏటేటా కట్టాలి అని అందులో స్పష్టంగా ఉంది. 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కింది మీరేనా, కాదా?"

"నానే నొక్కినానండి."

"చదివారా?"

"ఇంగ్లీసులో పొడుగ్గా ఉన్నాదండి. వేలితో తోసినకొద్దీ వస్తాది, అవ్వదు. నొక్కకపోతే పటం తెరుసుకోదు. మావోల్లు ఫోను నా సేతికిచ్చి పడవ దగ్గిర నిల్సున్నారు. కొన్న పటాన్ని సూడాలంటే ఒప్పుకోమంటే ఒప్పుకోకేటి సేస్తామండి?"

ఆ మాటకి బల్ల మీది పెద్దాయన, ఫోరం అధ్యక్షుడు, రాసుకుంటున్నవాడల్లా తలెత్తాడు. మంచికో చెడుకో తెలీదు. ఆ తరవాతే పద్మకుమారి గారు ఆ ఫోను బల్ల మీద పెట్టారు. ఇక్కడ సిగ్నల్ ఉంది కాబట్టి తీసేస్తున్నాను, సముద్రంలో ఉన్నట్టు అనుకోండి అని సిగ్నల్ తీసేసి పటం తెరిచారు. అధ్యక్షుడూ పక్కనున్న ఇద్దరు సభ్యులూ వంగి చూశారు. నీలం రంగు ఒక్క క్షణం కనపడి బూడిదరంగు పరుచుకుంది. మీ గడువు ముగిసింది, కొనసాగడానికి చెల్లించండి. చెల్లించమన్నచోట పద్మకుమారి గారు నొక్కారు. ఇంటర్నెట్ లేదు అంది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే. నాగబాబు అప్పుడు గదిలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు. హేమ వెనకాలే పోదామనుకుంది, బోనులోంచి దిగకూడదేమో తెలీక నిలబడిపోయింది. ఆ బూడిదరంగు. మంచు కూడా అలాగే పరుచుకుంది. డబ్బు కట్టమంటే కట్టనివాళ్లం కాదు, ఒడ్డున ఉండగా చెప్పినా ఎలాగో కట్టేవాళ్లం. ఒడ్డున చెప్పలేదు. పడవ తోసేముందు ఒడ్డున సిగ్నలున్నంతసేపూ తెరుచుకుంటూనే ఉంది. మనిషి నీళ్ల మధ్యలో ఉన్నప్పుడు మూశారు.

ముసలాయన బయటికొచ్చేశాడు. ఫ్రిజ్జు కేసు అయిపోయింది, మొహం చూస్తే గెలిచాడో ఓడాడో తెలీదు. ధనరాజ్ గారు ఫోను పెట్టేసి ఇటు చూశాడు, గడియారం చూసుకున్నాడు. నాగబాబు మొట్టమొదటిసారి గొంతు విప్పాడు.

"సంతకం ఎట్టేయే హేమా. ఎల్లిపోదాం."

హేమ అతనికేసి తిరిగింది. పాపం, ఈ తిరుగుడుతో విసిగిపోయాడు, ఆ సాయం డబ్బుతో ఒక ఇంజను వస్తుంది, పడవ వస్తుంది, వేరే ఊరెళ్లి బతుకుదాం అని ఉంటుంది మనసులో. అదీ తప్పా? ఓడిపోతే ఏముంది చేతిలో? ఓడిపోతే ఈ మాటే తీర్పవుతుంది, సంబంధం లేదని, పైన సర్కారు ముద్ర వేసి ఇస్తారు. పల్లెలో అది చదివి వినిపించడానికి చాలామందే ఉన్నారు. సంతకం పెడితే కనీసం ముద్ర ఉండదు. ఇది చిన్న కాగితం, పెట్టెలో పెట్టేసి మర్చిపోవచ్చు. మర్చిపోతామా? అమ్మ మర్చిపోతుందా? కూతురే రాసిచ్చింది, ఇంకేటి కావాలి అంటుంది.

"పెన్ను అందుకో మావా." అంది. అతను అందుకోలేదు. "ఒక్క మాట సెప్పు. నానడగనేదు ఇన్నాల్లూ, ఇప్పుడడుగుతన్నాను. ఈ కాయితంలో ఉన్న ముక్క నిజమేనా? పటానికీ దానికీ సమ్మందం నేదా? నేదని నువ్వు సెప్పు, ఎట్టేస్తాను. నీ నోటితో సెప్పు."

నాగబాబు చూస్తున్నాడు. ఆమెను కాదు, వరండా మెట్ల అవతల ఎండలో నిలబెట్టిన సైకిళ్లని. లోపల గంట మోగింది. బంట్రోతు తలుపు దగ్గరికొస్తున్నాడు. అప్పుడు నాగబాబు కాగితం మీదినించి చెయ్యి తీసేశాడు. అంతే, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గాలి కాసేపు ఆలోచించినట్టు కాగితం అంచు లేపి, దించి, మళ్లీ లేపి, వరండా మీంచి మెట్ల కిందికి తోసుకుపోయింది. ధనరాజ్ గారు దాని వెనకాల రెండడుగులు వేసి ఆగిపోయాడు. పెన్ను మాత్రం హేమ తీసి ఆయన చేతికిచ్చింది. బంట్రోతు హేమ పేరు పిలిచాడు.

లోపల గోడగడియారం, దుమ్ము వాసన, పద్మకుమారి గారి నల్లకోటు భుజం. అధ్యక్షుడు ఇంగ్లీషులో చదువుతున్నాడు, పొడిగా, కరెంటు బిల్లు చదివినట్టు. హేమకు మాటలు తునకలుగా తగులుతున్నాయి. కన్స్యూమర్. హస్బెండ్. లైవ్లీహుడ్. నో అన్న మాట వినపడ్డప్పుడల్లా పద్మకుమారి గారి వైపు చూస్తోంది. ఎంత చదువుతాడు. ఓడిపోయామేమో, గెలిస్తే ముందే చెప్పేవాడు కదా. ధనరాజ్ గారి మొహం చూస్తే తెలుస్తుందేమో, ఆయన తల వంచి రాసుకుంటున్నాడు. పద్మకుమారి గారి చెయ్యి వెనక్కొచ్చి హేమ మణికట్టు పట్టుకుంది. గట్టిగా. అది ఓదార్పా, ఇంకేమైనానా? తరవాత అధ్యక్షుడు కాగితాలు మూసి, కళ్లద్దాల పైనించి హేమని చూసి తెలుగులో అన్నాడు. "అర్థమైందా అమ్మా? మీ వకీలు గారు చెబుతారు." అంతలోనే పక్క ఫైలు తీసుకున్నాడు.

వరండాలో పద్మకుమారి గారు గుక్క తిప్పుకోకుండా చెప్పారు, ఇద్దరికీ కలిపి, నాగబాబు వైపే ఎక్కువ చూస్తూ. "డబ్బు తీసుకుని ఇచ్చింది వస్తువన్నా సరే, సేవన్నా సరే, ఈ చట్టం కిందికే వస్తుందన్నారు. భార్య కొన్నది ఆవిడ ఒప్పుదలతో వాడుకున్న భర్త కూడా వినియోగదారుడే. సొంత కష్టంతో పొట్టపోసుకోవడం వ్యాపారం కాదు. వాడింది ఈ జిల్లాలో కాబట్టి ఇక్కడే అడగొచ్చు. ఎప్పటికీ అని అమ్మి, అర్థంకాని కాగితానికి ఊ అనిపించుకుని, సముద్రంలో ఉండగా మూసెయ్యడం సేవలో లోపం, మోసపు పద్ధతి. ముందే కొనుక్కున్నవాళ్లెవరికీ ఇలా మూయకూడదని ఆర్డరు వేశారు. మనం అడిగినంత ఇవ్వలేదు. మంచుకీ అలకీ కంపెనీని పూచీ చెయ్యలేమన్నారు. వాళ్లు పైకి అప్పీలు వెళ్తారు, వెళ్లనీ. కాని ఇది విను నాగబాబూ." ఆవిడ కాగితం కళ్లకి దగ్గరగా తెచ్చుకుని ఒక్కో మాటే తెలుగు చేశారు. "దారి చూపవలసిన పటం ఆ సమయంలో మూసుకుపోవడం పడవ రాళ్ల వైపు పోవడానికి కారణమైంది. నడిపినవాని నిర్లక్ష్యమనే వాదనకు ఎట్టి ఆధారమూ లేదు."

నాగబాబు "మల్లీ సెప్పండి" అన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పారు. తల ఊపాడు. ఊపుతూనే వెళ్లి మెట్ల మీద కూర్చుండిపోయాడు, ఎండలోనే. పద్మకుమారి గారు హేమ భుజం తట్టి తీర్పు నకలు కోసం లోపలికి పోయారు. హేమ వచ్చి అతని పక్కన కూర్చుంది. మెట్టు కాలుతోంది. అమ్మకి ఫోన్ చెయ్యాలి, ఏమని చెప్పాలి, చెబితే వింటుందా, రాముడు తిరిగొస్తాడా అంటుంది, అంటే ఏం చెప్పాలి. ఫోను తీసింది.

"అత్తకా?" అన్నాడు నాగబాబు. "వొద్దు. నానే ఎల్లి సెప్తాను. గుమ్మంలో నిల్సోనయినా సెప్తాను. ముందు నీకు సెప్పాలి."

హేమ ఫోను ఒళ్లో పెట్టేసుకుంది. ఊపిరి తీస్తే అతను ఆగిపోతాడేమో అన్నంత కదలకుండా ఉంది.

"గడువు అయిపోనాదని వొచ్చింది కదా. ఫోను నా సేతిలో ఉన్నాది, రాముడు ఎనకనించి తొంగి సూసినాడు. డబ్బు కట్టమంటన్నాడేటి బావా ఇక్కడ, అన్నాడు. సంద్రంలో కూడా టికిట్టు కొట్టమంటన్నాడు సూడు, కండట్రు ఎక్కినాడేటో ఎనకమాల సూడు బావా, అన్నాడు." నాగబాబు అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. "నవ్వినాం హేమా. నాకూ నవ్వాగనేదు. మంచులో ఏటీ అవుపడక, పడవలో కూకోని ఇద్దరమూ పగలబడి నవ్వినాం. అదే నానెవులికీ సెప్నేకపోనాను. సచ్చిపోయే ముందు ఆడు నవ్వుతన్నాడని ఎలాగ సెప్పీది?"

రాముడి నవ్వు ఎలా ఉంటుందో హేమకు తెలుసు, ముందు భుజాలు ఊగుతాయి, తరవాత గొంతు వస్తుంది.

"ఇంకా సెప్పు," అంది.